నాన్నగారి మాత్ర పనిచేసేది మైటోకాండ్రియా మీదే

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. రిటైరైన టీచరు. ఈ మధ్యే అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్ ఉందని తేలింది. ఈ వయసులో గట్టి కీమో తట్టుకోలేరని హైదరాబాద్‌లో ఎజాసైటిడిన్ ఇంజెక్షన్లు, వెనిటోక్లాక్స్ మాత్రలు మొదలుపెట్టారు. మొదటి కోర్సు పూర్తి కావస్తోంది. మనిషి బాగా నీరసించిపోయారు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చాలా పడిపోయాయి. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు ఒక వీడియో పంపాడు. క్యాన్సర్ జన్యువుల జబ్బు కాదట, మైటోకాండ్రియా జబ్బట. ఐవర్‌మెక్టిన్, ఫెన్‌బెండజోల్, మెట్‌ఫార్మిన్ ఇస్తూ, రోజుకు 16 గంటలు ఉపవాసం, కీటో ఆహారం పాటిస్తే క్యాన్సర్ కణాలు ఆకలితో చస్తాయట. మాత్రలు కూడా తెప్పించి ఇంటికి పంపించాడు. "మన డాక్టర్లకు మైటోకాండ్రియా సంగతి తెలియదా, తెలిసీ చెప్పరా?" అంటున్నాడు. డాక్టరుగారిని అడిగితే కోప్పడతారేమోనని భయం. ఇవి ఇవ్వమంటారా? కనీసం ఆ వైద్యంతో పాటు కలిపి ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: అమ్మా, ముందు అత్యవసరమైన మాట. తమ్ముడు పంపిన మాత్రల్లో ఒక్కటి కూడా నాన్నగారికి ఇవ్వకండి, విడిగానూ వద్దు, కలిపీ వద్దు. ఉపవాసం అసలే వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను. "డాక్టర్లు వద్దన్నారు" అని ఒక్క ముక్కలో చెబితే మీ తమ్ముడు ఊరుకోడు. చదువుకున్నవాడు, నాన్న కోసం అంత దూరంలో కూర్చుని వెతుకుతున్నవాడు. అతనికి కారణాలు కావాలి.

మన డాక్టర్లకు మైటోకాండ్రియా సంగతి తెలియదా అన్నాడు కదా, మీ నాన్నగారు రోజూ వేసుకుంటున్న వెనిటోక్లాక్స్ పనిచేసేది మైటోకాండ్రియా మీదే. మీ తమ్ముడు దేనికోసం వెతుకుతున్నాడో ఆ మందు మీ ఇంట్లోనే ఉంది. ఈ సంగతి ఆసుపత్రిలో ఎవరూ మీకు విడమరచి చెప్పలేదంటే అది మా డాక్టర్ల లోపమే. రద్దీ ఓపీలో మందు పేరు, మోతాదు చెప్పి పంపేస్తాం. అది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఐదు నిమిషాలు కేటాయించం. ఆ ఖాళీలోకే వీడియోలు వచ్చి కూర్చుంటాయి.

మైటోకాండ్రియా కణానికి శక్తినిస్తాయని బడిలో అందరం చదువుకున్నాం. వాటికి ఇంకో పెద్ద పని ఉంది. కణం ఎప్పుడు చావాలో తేల్చేది చాలావరకు అవే. కణం బాగా దెబ్బతిన్నా, దాని అవసరం తీరిపోయినా మైటోకాండ్రియా పైపొరకు రంధ్రాలు పడతాయి. లోపల ఉండాల్సిన సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటికి వచ్చేస్తుంది. దాంతో కాస్పేజ్ అనే ఎంజైములు మేల్కొని కణాన్ని లోపలినుంచే ముక్కలు చేసేస్తాయి. మన ఒంట్లో రోజూ కోట్లాది కణాలు ఇలా సద్దు లేకుండా పోతుంటాయి. ఆ రంధ్రాలు పడకుండా ఆపే ప్రోటీన్ పేరు బీసీఎల్-2. చాలా లుకేమియా కణాల్లో ఇది తలుపుకు బిగించిన గొళ్లెంలా ఉండిపోతుంది. చావాల్సిన కణం చావదు, మూలుగలో (ఎముక మజ్జలో) పేరుకుపోతుంది. వెనిటోక్లాక్స్ వెళ్లి ఆ గొళ్లెం తీస్తుంది.

ఇది నిన్నో మొన్నో ఎవరికో తట్టిన ఊహ కాదు. బీసీఎల్-2 కణాలను పెంచదని, చావకుండా కాపాడుతుందని మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలైజా హాల్ సంస్థలో డేవిడ్ వాక్స్, ఆయన సహచరులు 1988లో చూపించారు. ఆ సంగతి తెలిశాక, దాన్ని అడ్డుకునే మాత్రకు అమెరికాలో మొదటి అనుమతి దొరికింది 2016లో. మధ్యలో 28 ఏళ్లు గడిచాయి. మీ నాన్నగారి జబ్బులో ఎజాసైటిడిన్‌తో కలిపి వాడటానికి 2018లో అనుమతి వచ్చింది. 2020లో వెలువడిన వయాలే-ఎ అనే పెద్ద పరీక్షలో 431 మంది పాల్గొన్నారు. అందరూ పెద్ద వయసువాళ్లు, లేదా గట్టి కీమో తట్టుకోలేనివాళ్లు. ఎజాసైటిడిన్ ఒక్కటే తీసుకున్నవారిలో మధ్యస్థ ఆయుష్షు 9.6 నెలలు, వెనిటోక్లాక్స్ కూడా కలిపినవారిలో 14.7 నెలలు. జబ్బు అదుపులోకి వచ్చినవారు మొదటి గుంపులో నూటికి 28 మంది, రెండో గుంపులో నూటికి 66 మంది.

14.7 నెలలు అనగానే మీ గుండె జారి ఉంటుంది. మధ్యస్థం అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం ఉన్నారని. కొందరు ఏళ్ల తరబడి బాగున్నారు. అలాగని ఇది లుకేమియాను శాశ్వతంగా మాన్పే మందని చెప్పను. ఈ వయసులో, ఈ జబ్బులో ఇప్పుడు చేతిలో ఉన్న మంచి మందుల్లో ఇది ఒకటి. నాన్నగారికి ఎంత కాలం, ఎంత బాగా పనిచేస్తుందన్నది ఆయన కణాల్లో ఏయే జన్యుమార్పులు ఉన్నాయన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

కణాలు పడిపోయాయని భయపడుతున్నారు. మొదటి కోర్సులో అవి పడిపోవడం అనుకున్నదే. మూలుగ నిండా లుకేమియా కణాలు ఉన్నప్పుడు వాటిని ఖాళీ చేయించాలి, ఆ తర్వాతే మంచి కణాలు పుట్టుకొస్తాయి. అందుకే ఈ కోర్సు చివర్లో మూలుగ పరీక్ష చేస్తారు. లుకేమియా కణాలు పోయి ఉంటే కొన్ని రోజులు మాత్ర ఆపి కణాలు కోలుకునేదాకా ఆగుతారు. అప్పుడు "మందు ఆపేశారు, చేతులెత్తేశారు" అనుకోకండి. వైద్యంలో అదీ ఒక భాగమే. కణాలు తక్కువగా ఉన్న ఈ రోజుల్లో అసలు ప్రమాదం ఇన్‌ఫెక్షన్. జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దామని ఆగకండి. అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. ఖమ్మం నుంచి హైదరాబాద్ చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి, అంత వ్యవధి లేకపోతే దగ్గర్లో ఎక్కడ యాంటీబయాటిక్ సెలైన్ మొదలుపెట్టించాలో మీ డాక్టరును ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.

ఇక తమ్ముడి వీడియో సంగతి. అందులో కొంత నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు: క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ ఉన్నా సరే గ్లూకోజును విపరీతంగా లాగి, పులియబెట్టినట్టు లాక్టేటుగా మారుస్తాయి. ఈ రోజు పెట్ స్కాన్‌లో గడ్డలు వెలుగుతూ కనిపించేది ఆ గుణం వల్లే. అయితే క్యాన్సర్‌కు మూలం మైటోకాండ్రియా చెడిపోవడమేనని వార్‌బర్గ్ అన్నాడు. ఆ రెండో మాట నిలబడలేదు. చాలా క్యాన్సర్లలో మైటోకాండ్రియా చక్కగా పనిచేస్తూనే ఉంటాయని తర్వాతి దశాబ్దాల్లో తేలింది. వీడియోలు వార్‌బర్గ్ మొదటి మాటను చూపించి రెండోదాన్ని అమ్ముతాయి.

మీ నాన్నగారి జబ్బులోనైతే కథ ఇంకా తిరగబడి ఉంటుంది. లుకేమియాను మళ్లీ మళ్లీ పుట్టించే మూలకణాలు చక్కెర మీద కంటే మైటోకాండ్రియా శ్వాస మీదే, అంటే అవి ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే పని మీదే, ఎక్కువ ఆధారపడతాయి. వెనిటోక్లాక్స్, ఎజాసైటిడిన్ కలిస్తే ఆ శ్వాసనే దెబ్బతీస్తాయని కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో రోగుల కణాల్లోనే చూపించారు. ఇంకో సంగతి: మందుకు లొంగకుండా మొండికేసిన మూలకణాలు కొవ్వు ఆమ్లాలను ఇంధనంగా వాడుకుంటున్నాయని తర్వాత ల్యాబ్ అధ్యయనాల్లో కనిపించింది. అలాంటి జబ్బుకు చక్కెర మాన్పించి ఒళ్లంతా కొవ్వు మీద నడిపించే కీటో ఆహారం పెట్టమంటున్నారు. మీ తమ్ముణ్ని ఈ ఒక్క విషయం మీద ఆలోచించమనండి.

ఆ మాత్రల్లో అందరూ నమ్మకంతో ఎదురుచూసినది మెట్‌ఫార్మిన్. చక్కెర జబ్బుకు ఇచ్చే మామూలు మాత్ర అది. మైటోకాండ్రియాలో శక్తి తయారీకి తోడ్పడే కాంప్లెక్స్-1 అనే ప్రోటీన్ల గుంపును కొద్దిగా అడ్డుకుంటుంది. మెట్‌ఫార్మిన్ వాడే మధుమేహ రోగుల్లో క్యాన్సర్ తక్కువగా కనిపిస్తోందని 2005లో స్కాట్లాండ్ నుంచి ఒక పరిశీలన వచ్చింది. చవక మందు, దశాబ్దాలుగా తెలిసిన మందు, ప్రయోగశాలలో మంచి ఫలితాలు. ఇంతకంటే ఏం కావాలనిపించింది. అప్పుడు చేయాల్సిన పని చేశారు. మధుమేహం లేని 3,649 మంది రొమ్ము క్యాన్సర్ రోగులకు చీటీ వేసి సగం మందికి మెట్‌ఫార్మిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఐదేళ్లపాటు ఇచ్చారు. 2022లో ఫలితం వచ్చింది. జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో తేడా ఏమీ కనిపించలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కీమో, రేడియేషన్‌తో కలిపి ఇచ్చి చూసిన రెండు చిన్న పరీక్షలు 2021లో వెలువడ్డాయి. వాటిలోనూ మేలు లేదు. ఒకదానిలోనైతే మెట్‌ఫార్మిన్ తీసుకున్నవాళ్ల పరిస్థితే ఎక్కువ దెబ్బతింది. మీ నాన్నగారికి ముందునుంచీ షుగర్ ఉండి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అది వేరే విషయం. ఆ మాత్ర ఉంచాలా మార్చాలా అన్నది కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరు చెబుతారు.

కాంప్లెక్స్-1ను కొద్దిగా కాదు, గట్టిగానే అడ్డుకుంటే? అదీ చేసి చూశారు, అదీ మీ నాన్నగారి జబ్బులోనే. అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ ఐఏసీఎస్-010759 అనే మందును తయారుచేసింది. ఎలుకల్లో అద్భుతంగా పనిచేసింది. మనుషులకు ఇస్తే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగింది, కాళ్లూ చేతుల నరాలు దెబ్బతిన్నాయి, జబ్బు మీద మాత్రం ప్రభావం అంతంతే. 2023లో ఆ ఫలితాలు ప్రచురించి, ఆపేశామని ప్రకటించారు. కారణం తెలిసిందే: మైటోకాండ్రియా క్యాన్సర్ కణాల సొత్తు కాదు. నరాలకు, గుండెకు, కండరాలకు అవే ఆధారం. డైక్లోరోఎసిటేట్ అనే ఇంకో పదార్థం మీద 2007లో కెనడా నుంచి వచ్చిన ఎలుకల ఫలితాలు చూసి జనం ఇంటర్నెట్‌లో కొనుక్కుని వేసుకున్నారు. అక్కడా నరాల దెబ్బే. మైటోకాండ్రియా ఎంజైములను అడ్డుకునే డెవిమిస్టాట్ అనే మందును క్లోమ క్యాన్సర్‌లో 500 మందికి పైగా రోగులతో పరీక్షించారు, 2021లో విఫలమైంది.

గెలిచినవీ ఉన్నాయి. మైటోకాండ్రియాలోని ఒక ఎంజైమును అదేపనిగా పనిచేయించి కణాన్ని చంపే డోర్డావిప్రోన్‌కు 2025 ఆగస్టులో అమెరికాలో అనుమతి దొరికింది. అయితే మెదడులో వచ్చే, ఒక ప్రత్యేకమైన జన్యుమార్పు ఉన్న గడ్డకు మాత్రమే. అక్కడా 50 మందిలో గడ్డ తగ్గింది 11 మందికే. మీ నాన్నగారి జబ్బులోనే, ఐడీహెచ్-2 అనే మైటోకాండ్రియా ఎంజైములో మార్పు ఉండి, జబ్బు తిరగబెట్టిన లేదా మందులకు లొంగని వారికి ఎనాసిడెనిబ్ అనే మందుకు 2017లో అమెరికా అనుమతి ఇచ్చింది. డాక్టరుగారిని "మా నాన్నకు ఐడీహెచ్-1, ఐడీహెచ్-2, ఎఫ్ఎల్‌టీ-3, టీపీ-53 జన్యుపరీక్షలు చేశారా, రిపోర్టులో ఏముంది?" అని అడగండి. మైటోకాండ్రియా గురించి మీరు అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే.

ఐవర్‌మెక్టిన్, ఫెన్‌బెండజోల్ రెండూ నులిపురుగుల, పరాన్నజీవుల మందులు. ఐవర్‌మెక్టిన్ గొప్ప మందే. బోదకాలు, గజ్జి, ఆఫ్రికాలో నదీ అంధత్వం వంటి జబ్బుల్లో లెక్కలేనంత మందిని కాపాడింది, కనిపెట్టినవారికి 2015లో నోబెల్ వచ్చింది. ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలను చంపుతుందన్నదీ నిజమే. కానీ గాజు పళ్లెంలో అందుకు వాడిన సాంద్రత, మనిషి మామూలు మోతాదు వేసుకుంటే రక్తంలోకి వచ్చేదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంత మందు మింగితే ముందు దెబ్బతినేది మెదడు. ఐవర్‌మెక్టిన్‌ను మెదడులోకి రానీయకుండా బయటికి తోసేసే పీ-గ్లైకోప్రోటీన్ అనే ఏర్పాటు ఒకటి మనకుంది. వెనిటోక్లాక్స్ దానికి అడ్డు తగిలే మందు. రెండూ కలపడమంటే ఎవరూ పరీక్షించని పని నాన్నగారి మీద చేయడం.

ఫెన్‌బెండజోల్ అసలు మనుషుల మందే కాదు. కుక్కలకు, గొర్రెలకు, పశువులకు ఇస్తారు. దాంతో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గిందని ఒక అమెరికన్ చెప్పిన కథ ప్రపంచమంతా తిరిగింది. ఆయన అదే సమయంలో ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ను ఎదుర్కొనే వైద్యం) క్లినికల్ ట్రయల్‌లో కూడా ఉన్నాడన్న సంగతి మాత్రం కథతో పాటు తిరగలేదు. ఇలాంటి ప్రచారం సోషల్ మీడియాలో చూసి జపాన్‌లో 80 ఏళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగి ఒకావిడ సొంతంగా ఫెన్‌బెండజోల్ వేసుకుంటే కాలేయం తీవ్రంగా దెబ్బతింది. మానేశాక కోలుకుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం ఏమీ తగ్గలేదు. 2021లో డాక్టర్లు ఆ కేసును ప్రచురించారు. కాలేయం దెబ్బతింటే వెనిటోక్లాక్స్ మోతాదు కూడా తగ్గించాల్సి రావచ్చు, ఆపాల్సి రావచ్చు. అంటే పనిచేసే మందును పోగొట్టుకుంటాం.

వీడియోలోని అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఉపవాసం. వెనిటోక్లాక్స్ ఖాళీ కడుపుతో సరిగా ఒంటబట్టదు. భోజనంతో తీసుకుంటే రక్తంలోకి మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ చేరుతుంది. మీరు 16 గంటలు పస్తు ఉంచి మాత్ర వేయిస్తే, మాత్రకు పెట్టిన డబ్బు, ఆయన పడుతున్న బాధ రెండూ వృథా. రోజూ ఒకే వేళకు ఇడ్లీయో ఉప్మాయో పెరుగన్నమో తినగానే, మాత్రను కొరక్కుండా, విరవకుండా నీళ్లతో మింగించండి. మరిచిపోతే 8 గంటలలోపు గుర్తొస్తే వేయండి, దాటితే ఆ పూట వదిలేయండి. వేసుకున్నాక వాంతి అయితే ఆ రోజు మళ్లీ వేయవద్దు.

ఈ మందుకు ఇంకో పట్టింపు ఉంది, మన ఊళ్లలో దాని గురించి ఎవరూ చెప్పరు. తామర వచ్చిందంటే మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ ఇచ్చేస్తారు. ఆ క్యాప్సూల్ కాలేయంలో వెనిటోక్లాక్స్‌ను అరగదీసే ఎంజైమును ఆపేస్తుంది. అప్పుడు మామూలు మోతాదే ఎన్నో రెట్ల మోతాదులా పనిచేసి కణాలను మరింత పడగొడుతుంది. క్లారిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్, బీపీకి ఇచ్చే డిల్టియాజెమ్, వెరాపమిల్ కూడా ఏదో ఒక మేరకు ఇదే పని చేస్తాయి. ఫంగస్ రాకుండా మీ ఆసుపత్రిలోనే పోసాకొనజోల్ ఇస్తూ, అందుకు తగ్గట్టు వెనిటోక్లాక్స్‌ను 400 మి.గ్రా. నుంచి 100కో 70కో తగ్గించి ఉండవచ్చు. తక్కువ ఇస్తున్నారేమిటని కంగారుపడి మీరు పెంచకండి. గ్రేప్‌ఫ్రూట్, పుల్ల నారింజ, స్టార్‌ఫ్రూట్ తినకూడదని మందుతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. పెరట్లో పంపరపనస చెట్టుంటే అదీ వద్దు, అది గ్రేప్‌ఫ్రూట్‌కు దగ్గరి చుట్టం.

మీ తమ్ముడికి చెప్పడానికి మన తెలుగువాడి కథ ఒకటి ఉంది. మైటోకాండ్రియా తయారుచేసే శక్తి ఏటీపీ రూపంలో ఉంటుంది. ఆ ఏటీపీని కండరంలో గుర్తించి 1929లో ప్రకటించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసింది. రక్తహీనతకు మంచి చేసే విటమిన్ కదా, లుకేమియా పిల్లలకూ మంచి చేస్తుందేమోనని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ జాతి పదార్థాలు ఇచ్చి చూశాడు. జబ్బు ఇంకా ఉధృతమైంది. కాగితం మీద సరిగ్గా ఉన్న ఆలోచన పిల్లల్లో తిరగబడింది. ఫార్బర్ దాన్ని దాచలేదు. అయితే దానికి విరుద్ధంగా పనిచేసేది ఇద్దామన్నాడు. సుబ్బారావుగారి బృందం చేసిపెట్టిన అమైనాప్టెరిన్‌తో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగానైనా తగ్గింది. 1948లో అది ప్రచురితమైంది. లుకేమియా మందుల చరిత్ర అక్కడే మలుపు తిరిగింది. కణాన్ని గురించి ఎంత మంచి సిద్ధాంతం ఉన్నా, రోగిలో ఏం జరుగుతుందో చూసి, లెక్కపెట్టి, ప్రకటించేదాకా అది మందు కాదు. వీడియో చెప్పే చికిత్సలో జరగనిది ఇదే.

డాక్టరుగారు కోప్పడతారన్న భయం వదిలేయండి. ఒకవేళ విసుక్కున్నా సరే, అడగండి. "మా తమ్ముడు అమెరికా నుంచి ఈ మందులు పంపాడు, ఇవ్వలేదు, ఎందుకు వద్దో మీ నోటితో వాడికి చెప్పండి" అనండి. తర్వాతి ఓపీకి వెళ్లినప్పుడు వీడియో కాల్‌లో తమ్ముణ్నీ కూర్చోబెట్టండి. అక్కడ ఉండి ఏమీ చేయలేకపోతున్నానన్న బాధే అతనితో ఆ మాత్రలు కొనిపించింది. అతను చేయగల పనులు చాలా ఉన్నాయి. రిపోర్టులన్నీ వరుసగా స్కాన్ చేసి ఒకచోట పెట్టమనండి. జన్యుపరీక్షల వివరాలు తీసుకుని మరో రక్తక్యాన్సర్ నిపుణుడి అభిప్రాయం తెప్పించమనండి. మన దేశంలో జరుగుతున్న మందుల పరీక్షలన్నీ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ – ఇండియాలో నమోదవుతాయి, ఎవరైనా చూడొచ్చు. నాన్నగారి జబ్బుకు సరిపడే ట్రయల్ ఏదైనా ఉందేమో అందులో వెతకమనండి. వెతికే ఓపిక అతనికి ఎలాగూ ఉంది. ట్రయల్‌లో అయితే మోతాదుకు లెక్క ఉంటుంది, రక్తపరీక్షలు ఉంటాయి, ఏదైనా జరిగితే బాధ్యత వహించేవాళ్లు ఉంటారు.

చివరగా ఒకటి అడగాలి. ఈ సమాధానం మీకు చేరేలోపు, ఎవరి బలవంతం మీదనైనా, ఆ మాత్రల్లో ఒకటో రెండో నాన్నగారికి వేసేసి ఉంటే దాచకండి. మీ మీద ఎవరూ నేరం మోపరు. ఏ మాత్ర, ఎన్ని, ఏ రోజు అన్నది చీటీ మీద రాసుకుని, మిగిలిన స్ట్రిప్పులన్నీ కవరుతో సహా పట్టుకుని రేపే వెళ్లండి. కాలేయ పరీక్ష, రక్తకణాల పరీక్ష చేయిస్తారు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, మాట తడబడినా, తూలుతున్నా రేపటిదాకా కూడా ఆగవద్దు.